గాలిమర తాడు విప్పిన విలేకరి

ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను అనవద్దు. ఈ వ్యాసంలో ఒక మిర్చి కళ్లం మునుగుతుంది. వాన వల్ల కాదు, గోదావరి వల్ల కాదు, ఒక విలేకరి వల్ల. ఆ విలేకరికి మారుపేరు పెట్టి, నాకు సంబంధం లేనట్టు రాద్దామని చూశాను. కానీ నాకు తెలిసిన విలేకరులంతా జాగ్రత్తపరులు, ఆ వేషానికి ఎవరూ సరిపోలేదు. కాబట్టి నేనే వేస్తున్నాను.

అప్పుడు నేను భద్రాచలంలో మా పత్రికకు కొత్త విలేకరిని. సొంతూరు కారేపల్లి. వయసు చిన్నది, మీసం అంతకంటే చిన్నది, కుదురు అసలే లేదు. బస్సు ఏ స్టేజీలో ఆగినా దిగి, టైర్లు చూసి, మళ్లీ ఎక్కేవాణ్ని. దవాఖానాలో డాక్టరు కూర్చోమంటే ఆయన కుర్చీ చుట్టూ తిరుగుతూ జబ్బు చెప్పుకునేవాణ్ని. నిలబడి ఉన్నదేదైనా సరే, చూడగానే చెయ్యి దురద పెట్టేది.

అలాంటివాడికి ఎక్కడో ఒక మాట దొరికింది: గాలిమర.

కొత్త చెప్పులు కొన్నవాడు ఇంట్లో కూడా వాటితోనే తిరిగినట్టు, నేను ఏ వార్తనూ ఆ మాట లేకుండా గడప దాటనిచ్చేవాణ్ని కాదు. పార్టీ మారిన నాయకుడు గాలిమర. లేని శత్రువు మీద కేకలు వేసేవాళ్లు గాలిమరలతో యుద్ధం చేస్తున్నవాళ్లు. చేతులు ఊపుతూ ఉపన్యాసం ఇచ్చేవాడు నడిచే గాలిమర. చివరికి గోదావరి వరద తగ్గిన వార్తలో కూడా ‘గాలిమరల్లా తిరుగుతున్న వదంతులు’ అని ఇరికించాను. నీళ్ల వార్తలోకి గాలి ఎట్లా వచ్చిందని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. అంత తీరిక ఉంటేగా!

ఖమ్మంలో మా డెస్క్ ఇన్‌చార్జిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఒకరోజు ఆయన ఫోన్ చేశాడు.

“ఏందయ్యా, ఈ వారం ఎన్ని గాలిమరలు పంపినవ్?”

“లెక్కపెట్టలేదు సార్.”

“నేను పెట్టిన. పేజీ తెరిస్తే చలి పెడుతున్నది. ఒక సంగతి చెప్పు, నువ్వు గాలిమర చూసినవా?”

“చూడకుండా ఎట్లా రాస్తాను సార్?”

“ఎక్కడ చూసినవ్?”

“శ్రీరామనవమి తిరునాళ్లలో సార్. కాగితంది. పుల్లకు గుచ్చి అమ్ముతారు చూడండి, పిల్లలు పట్టుకుని ఉరుకుతుంటారు...”

పెద్దసారు మెల్లగా అన్నాడు: “నిజమైన గాలిమరను కండ్లతోని చూసేదాంక ఆ మాట నా డెస్క్‌కు రావద్దు. వచ్చిందంటే నిన్ను కారేపల్లికి పంపుత. రోజూ పత్తి ధర రాసుకో.”

మా సొంతూరంటే నాకు ప్రేమే. కానీ పత్తి ధరకు గాలిమరను తగిలించడం నాక్కూడా కష్టం.

ఇక నిజమైన గాలిమర కోసం వెతకాలి. ఎక్కడికో పోనక్కర లేకుండా, దాని జాడ నా కాళ్ల కిందే ఉంది. మా ఆఫీసు అంటే కిరాయికి తీసుకున్న మేడగది. దాని కింద రహమత్ భాయ్ వెల్డింగ్ షాపు. భద్రాచలంలో సగం ఇళ్లకు గేట్లు, కిటికీలకు గ్రిల్సు ఆయన చేసినవే. పర్ణశాల దాటాక అడవి అంచున, కరెంటు సరిగా లేని ఒక గూడెంలో, పాత జీపు చక్రం ఇరుసు, డ్రమ్ముల రేకులు కలిపి ఆయన నీళ్లు తోడే గాలిమరను నిలబెట్టాడని నాకు తెలుసు. తెలిసీ ఎప్పుడూ వెళ్లలేదు. రోజూ మెట్లు దిగుతూ “ఏం భాయ్, గాలి కిలో ఎంత?” అని బజారులో అందరూ ఎగతాళి చేసినట్టే నేనూ చేసి పోయేవాణ్ని.

ఆ సాయంత్రం కిందికి వెళ్లి బుద్ధిగా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్ల అద్దం తీసి నన్ను అనుమానంగా చూశాడు.

“ఏంది తమ్ముడూ, కూసున్నవ్? తబియత్ బాలేదా?”

“భాయ్, మీ గాలిమర చూడాలి.”

ఆయన ముఖం వెలిగింది, మరుక్షణం దిగులు పడింది. “రేపే నేను పోతున్న. గిరిజన సంక్షేమ ఆఫీసు నుంచి ఇంజనీరు సార్ వస్తున్నడు. నడుస్తదా లేదా చూస్తడంట. నచ్చితే ఇంకిన్ని గూడేలకు నన్నే చెయ్యమంటరు. నచ్చకపోతే...” చేతిలోని గేటు ముక్కను చూపించాడు. “మళ్ల గివే. జిందగీ అంతా గేట్లే చేసిన తమ్ముడూ. గేటంటే ఏంది? ఆపేది. ఒక్కటన్న తిరిగేది చెయ్యాలని నాకు ఉండదా?”

ఈ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆయన కోసం ఏదైనా చెయ్యాలని ఒళ్లంతా ఒకటే తహతహ. దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను చేసినదంతా సదుద్దేశంతోనే చేశాను. కళ్లాలను ముంచేవాళ్లలో చాలామంది అంతేననుకుంటాను.

మరునాడు ఆయన బండి వెనక కూర్చుని బయలుదేరాను. ఇప్పపూలు రాలే రోజులు, గాలంతా తియ్యని మత్తు వాసన. దారి పొడవునా నేను అటు తిరిగి, ఇటు తిరిగి, వెనక్కి తిరిగి చూస్తుంటే బండి గోదావరి మీద పడవలా ఊగింది.

“తమ్ముడూ, జర నిమ్మళంగ కూసో. పడితే ఇద్దరం పోతం.”

గూడెం చివర మిట్ట మీద ఉంది గాలిమర. ఇనుప కాళ్ల మీద మూడు తాటిచెట్లంత ఎత్తు అని రాయాలని ఉంది గానీ, పెద్దసారు ఇది చదువుతాడు, కాబట్టి ఒక తాటిచెట్టంత. పైన రేకుల చక్రం, దాని వెనక చేప తోకలాంటి పెద్ద రేకు. పక్కనే నీళ్ల తొట్టి. మిట్ట దిగువన చదునైన జాగాలో ఎర్రగా పరుచుకుని మిర్చి కళ్లం, తివాచీలా మెరుస్తోంది. ఆ కళ్లం భద్రమ్మది. నడివయసు మనిషి, గొంతు మాత్రం మైకులేని రోజుల్లో పుట్టినట్టుంటుంది. కాయను కాళ్లతో తిరగేస్తూ మమ్మల్ని చూసింది.

“వచ్చినవా రహమత్ బాయీ! ఎవలు ఈయన? ఇంజనీరు సారా?”

“పేపరాయన అక్కా. ఫొటో తీస్తడు.”

“మంచిది. రేపు ఈ కాయ ఖమ్మం మార్కెట్‌కు బండెక్కుతది. ఏడాది కష్టం. దీన్ని కూడ ఒక ఫొటో తియ్యిరాదు సారూ.”

రహమత్ భాయ్ గడియారం చూసుకున్నాడు. ఇంజనీరు జీపుకు గూడెం దారి తెలియదు, రోడ్డు మీదికి వెళ్లి ఆయనే తీసుకురావాలి. “తమ్ముడూ, నువ్వు ఈడనే ఉండు. ఏం ముట్టకు,” అని బండెక్కి వెళ్లిపోయాడు. భద్రమ్మ కూడా చీర చెంగు బిగించింది. “నేను పోయి పరదాలు పట్టుకొస్త. జర కళ్లంల కోళ్లు పడకుండ చూడు సారూ. గంతే నీ పని.”

ఇలా గూడెం చివర నేను, గాలిమర, మిర్చి, నాలుగు కోళ్లు మిగిలాం. కోళ్ల విషయంలో నామీద ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక్కదాన్ని కూడా రానివ్వలేదు. ఇది చరిత్రలో నమోదు కావాలి.

కాసేపు మిట్ట దిగాను, ఎక్కాను. కోళ్లను అదిలించాను. మళ్లీ ఎక్కాను. అప్పుడు గమనించాను, చక్రం తిరగడం లేదు. గాలి వీస్తోంది, నా చొక్కా ఎగురుతోంది, ఇప్పచెట్ల కొమ్మలు ఊగుతున్నాయి, గాలిమర మాత్రం అలిగిన పెళ్లికొడుకులా పక్కకు తిరిగి కూర్చుంది. తోక రేకు మడిచినట్టు చక్రానికి అంటుకుని ఉంది.

అయిపోయింది, మర చెడిపోయింది! రహమత్ భాయ్‌కు తెలియదు! కాసేపట్లో ఇంజనీరు వస్తాడు, ఆగిన చక్రం చూస్తాడు, పెదవి విరుస్తాడు. పాపం ఆ మనిషి మళ్లీ గేట్ల పాలు!

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గూడెం మొత్తానికి సిగ్నల్ అందేది ఆ మిట్ట మీదే. అందకపోయినా బాగుండేది.

“చూసినవా గాలిమరను?” పెద్దసారు.

“దాని కిందే ఉన్నాను సార్. ఫొటో పంపాను.”

“వచ్చింది. తిరుగుత లేదేంది?”

“ఫొటోలో ఏదీ తిరగదు కదా సార్.”

“తెలివి ఎక్కువైంది నీకు. వెబ్‌సైట్‌కు వీడియో కావాలె. తిరిగేది. జల్దీ పంపు.”

ఫోన్ పెట్టేసి గాలిమర కాళ్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక ఇనుప లివర్. దాన్ని కిందికి వంచి, నులక తాడుతో కాలికి బిగించి కట్టారు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. నాకు మొత్తం అర్థమైపోయింది. అర్థం కావడంలో నేను చాలా వేగం. ఎవడో రహమత్ భాయ్ అంటే గిట్టనివాడు, ఇంజనీరు వచ్చే రోజు చూసుకుని, మరను కట్టేశాడు! కుట్ర! తల లోపల అప్పుడే శీర్షిక కూడా తయారైంది.

ఆ ముడి విప్పడానికి గోళ్లు పనిచేయలేదు. తాళంచెవి పనిచేయలేదు. చివరికి పళ్లతో లాగాను. విలేకరి అన్నాక నిజాన్ని వెలికి తీయడానికి ఇంత మాత్రం శ్రమ తప్పదు. ముడి వదిలింది. లివర్ నా చేతుల్లోంచి ఎగిరి పైకి పోయింది, తాడు కొస కూడా దానితోపాటే పోయి నా తలకు మూరెడు పైన ఊగసాగింది. పైన తోక విచ్చుకుంది. చక్రం మెల్లగా గాలికి ఎదురు తిరిగింది. కిర్రుమంది. కదిలింది. తిరిగింది!

అబ్బ, ఏమని చెప్పను! రేకులు ఎండలో తళతళమంటూ, కిందికి దిగిన ఇనుప చువ్వ పైకీ కిందికీ ఊగుతూ, పంపు గుటగుటమంటూ... అన్ని వార్తల్లో అన్నిసార్లు రాసిన మాట మొదటిసారి కళ్ల ముందు కదిలింది. ఫోన్‌ను రాయికి ఆనించి వీడియో పెట్టి, ఎదురుగా నిలబడి నేనే వ్యాఖ్యానం కూడా చెప్పాను: “అడవి అంచున తిరుగుతున్న ఈ చక్రం, అభివృద్ధి చక్రం...” 

ఇంతలో వెనక బుడబుడమని చప్పుడు.

తిరిగి చూశాను. తొట్టి అప్పటికే నిండుగా ఉందన్న సంగతి నేను చూసుకోలేదు. పొర్లిన నీళ్లు పక్క గొట్టంలోంచి దిగి, చిన్న కాలువలో పడి, మిట్ట దిగువకు హుషారుగా పోతున్నాయి. కాలువ ఎక్కడికి పోతుందో చూద్దామని కళ్లతో వెంబడించాను. అది తిన్నగా భద్రమ్మ మిర్చిలోకి పోతోంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ గూడెంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి మీకు చెప్పాలి. చేలకు నీళ్లు కావలసినన్ని రోజులు అక్కడ గాలిమర తిరుగుతుంది. మిర్చి ఏరడం అయిపోయాక చేలకు నీళ్లతో పని లేదు. అప్పుడు తొట్టి నింపుకుని మరను కట్టేస్తారు, పని లేని ఎద్దును కట్టేసినట్టు. నీళ్లు పారని ఆ రోజుల్లో ఈ చదును జాగాలోనే కళ్లం పోస్తారు, ఎండ బాగా తగిలే జాగా అదొక్కటే గనక. ఆ రోజు భద్రమ్మ పరదాల కోసం పోయింది కూడా అందుకే. ఇంజనీరు వచ్చే వేళకు కాయ మీద పరదాలు కప్పి, కాలువకు మట్టి అడ్డం వేసి నీళ్లను అవతలికి మళ్లించి, అప్పుడు ముడి విప్పాలని వాళ్ల ఏర్పాటు. కుట్ర లేదు. శత్రువు లేడు. ఉన్నదల్లా నేనొక్కణ్నే.

తాడు కోసం ఎగిరాను. అందలేదు. పరుగెత్తుకుంటూ వచ్చి ఎగిరాను. అందలేదు. గాలి ఇంకాస్త పెరిగింది. నా ఉరుకుల వల్లే పెరిగిందేమో తెలియదు. మిట్ట దిగి కళ్లం దగ్గరికి పరుగెత్తాను. కాలువలోకి చెప్పుతో మట్టి నెట్టాను, అది కొట్టుకుపోయింది. చెప్పు కూడా దాని వెనకే కొట్టుకుపోయింది. ఎర్రటి కాయలు చిన్న చిన్న పడవల్లా తేలడం మొదలైంది. దోసిళ్లతో ఎత్తి గట్టు మీదికి విసిరాను. చెమట కళ్లలోకి దిగితే ఆ చేతులతోనే తుడుచుకున్నాను.

మిర్చి పట్టుకున్న చేతులతో కళ్లు తుడుచుకోవడం గురించి ఎక్కువ రాయను. ఖమ్మం జిల్లా పాఠకులకు వివరించనక్కర లేదు. మిగతా జిల్లాలవారు ప్రయత్నించకండి.

లోకం మొత్తం నిప్పులా కనిపిస్తుండగా నాకు ఆఖరి ఉపాయం తట్టింది. కాలువకు అడ్డంగా పడుకున్నాను. మనిషే కట్ట. నీళ్లు వీపుకు తగిలి కాస్త ఆగాయి, ఆలోచించుకున్నాయి, నా మెడ పక్క నుంచి దారి చూసుకున్నాయి. నేను మెడ జరిపాను. అవి కాళ్ల వైపు పోయాయి. కాళ్లు ముడిచాను. ఇలా నేనూ నీళ్లూ చదరంగం ఆడుతుండగా పరదాలు నెత్తిన పెట్టుకుని భద్రమ్మ వచ్చింది.

“ఓ సారూ! ఏంది, గట్ల పన్నవ్?”

“కట్ట అమ్మా! కట్ట!”

ఆమె పైకి చూసింది, కిందికి చూసింది. పరదాలు ధబ్బున పడ్డాయి. “ఇప్పినవా దాన్ని? నా కళ్లం నానుతున్నది కదరా అయ్యా! కోళ్లను చూడమంటే నువ్వేం చూసినవ్!”

“కోళ్లు రాలేదమ్మా...”

“కోడి వస్తే నాలుగు కాయలు తినిపోతుండె! నువ్వు మొత్తం తాగబెడ్తివి!”

ఆ క్షణంలోనే దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. ఇంజనీరు దిగాడు. ఆయన వెనకే బండి మీద రహమత్ భాయ్. ఆ ఇంజనీరుకు ఏం కనిపించిందో ఒక్కసారి మీరే ఊహించండి. మిట్ట మీద జోరుగా తిరుగుతున్న గాలిమర. దాని కింద నీళ్లలో అడ్డంగా పడుకుని, కళ్లు చింతనిప్పుల్లా, ధారగా ఏడుస్తున్న పత్రికా విలేకరి. పక్కన ఆకాశానికి చేతులెత్తి అరుస్తున్న రైతు. ఉద్యోగంలో ఎన్ని చూసి ఉంటాడో, ఆయన వెంటనే గొంతు తగ్గించి వినయంగా అడిగాడు.

“ఏమండీ, కాస్త లేవండి. మనం మాట్లాడుకుందాం. మీ డిమాండ్లేంటి?”

నేను దగ్గాను. మిర్చి ఘాటుకు గొంతు పట్టేసింది. మళ్లీ దగ్గాను.

“ఈ గాలిమర వద్దంటారా? తీసేయమంటారా?”

తీసేయొద్దు అనబోయి తల ఊపాను. పడుకుని తల ఊపితే అది అవునో కాదో ఎదుటివాడికి తెలియదు. రహమత్ భాయ్ ముఖంలో నెత్తురు లేదు. “అరె తమ్ముడూ, నాకెందుకు దుష్మన్ అయినవ్?” అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నాకు వినబడుతుంది.

“డిమాండ్లు తర్వాత! ముందుగాల ఆ మరను కట్టేయున్రి!” భద్రమ్మ కేక అడవి అవతల దాకా పోయింది. రహమత్ భాయ్ ఉలిక్కిపడి, కర్రతో తాడు కొసను లాగి, లివర్ మీద బరువంతా వేసి వంచాడు. తోక మడత పడింది. చక్రం పక్కకు తిరిగి ఆగిపోయింది. తరువాత అందరం కలిసి కాయను ఎత్తాం. ఇంజనీరు ప్యాంటు మడిచాడు, డ్రైవరు చొక్కా విప్పాడు. తడిసినదాన్ని పరదాల మీద పలచగా పరిచి, పొడిదాన్ని అవతలికి జరిపాం. కాలువ పక్కన ఉన్న అంచు మాత్రం బాగా నానింది.

ఊపిరి తిప్పుకున్నాక నేను జరిగింది చెప్పాను. కుట్ర సిద్ధాంతం కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా బాధ. చివరికి ఇంజనీరు తడిసిన ప్యాంటు పిండుకుంటూ గాలిమర వైపు చూశాడు.

“రహమత్ గారూ, ఇది నీళ్లు తోడుతుందా లేదా అని చూద్దామనే వచ్చాను.”

“అవ్ సార్.”

“చూశాను.”

అప్పుడు భద్రమ్మ నవ్వింది. ఆమె నవ్వాక మిగతావాళ్లు నవ్వడానికి ధైర్యం చేశారు. కానీ నన్ను అంత తేలిగ్గా వదలలేదు. “ఎండేదాంక పొద్దుగాలే వచ్చి నువ్వే తిరగెయ్యాలె సారూ,” అంది. వెళ్లాను. కాయ ఎండేదాకా రోజూ వెళ్లి, నడుము వంచి, ఒక్కొక్క కాయనూ పలకరించాను. అంచున ఉన్న కాయ తెల్లబడి తాలైంది. మిగతాది ఎరుపు నిలబెట్టుకుని ఖమ్మం వెళ్లింది. తాలు పోగు వైపు చూపించి, “ఇది నీ పంట,” అనేది భద్రమ్మ.

పెద్దసారు నుంచి ఫోన్ ఆ సాయంత్రమే వచ్చింది. రాయికి ఆనించిన ఫోన్ అంతా పట్టేసిందని, దాన్ని చూసుకోకుండానే నేను పంపేశానని అప్పుడు తెలిసింది.

“వీడియో చూసిన. మొదట తిరిగింది గాలిమర. దాని కింద చేతులు తిప్పుకుంట ఎగిరే రెండోది ఏంది?”

“నేను సార్.”

డెస్క్ మొత్తం ఫోన్ చుట్టూ మూగి ఉందని నవ్వుల చప్పుడును బట్టి తెలిసింది. “సరే, చూసినవ్ గద. ఇగ ఆ మాట రాసుకో,” అన్నాడు. అనుమతి దొరికింది గానీ, రాయబోతే చాలు, కళ్లు మండేవి.

రహమత్ భాయ్‌కు మిగతా గూడేల పని వచ్చింది. ఒక షరతుతో. దారిన పోయేవాళ్లు విప్పకుండా ఆ లివర్‌కు ఏదైనా ఏర్పాటు చెయ్యమన్నాడు ఇంజనీరు. భాయ్ ఇనుప డబ్బా ఒకటి చేసి, లివర్‌కు తొడిగి, తాళం వేశాడు. జీవితమంతా గేట్లు చేసిన చెయ్యి కదా, గట్టిగా కుదిరింది. దానికి ఆయన పెట్టిన పేరు రిపోర్టర్ డబ్బా. నాకు తాళంచెవి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఈ మధ్య చర్ల వైపు ఒక వార్త కోసం వెళ్లాను. జుట్టు తెల్లబడింది, మోకాళ్లు కుదురు నేర్పాయి. ఒక గూడెంలో కొత్త గాలిమర నిలబెడుతున్నారు. దగ్గరికి వెళ్లి తల ఎత్తి చూస్తుంటే ఒక ముసలమ్మ కేకేసింది.

“సారూ, జర దూరం జరుగున్రి. రిపోర్టర్ డబ్బా ఇంక బిగించలే.”

“ఏంటమ్మా ఆ పేరు?”

“మీకు ఎరుక లేదా? ఎన్కట ఒకాయన ఉన్నడంట. మర ఆగితే ఊకోలేడంట. నోటితోని ముళ్లు ఇప్పి, నీళ్లల్ల పండుకొని ఏడిసేటోడంట.” ఆమె జాలిగా నాలుక చప్పరించింది. “పాపం, ఇప్పుడెట్లున్నడో.”

“నయమైందమ్మా,” అన్నాను.

“మందులు మింగుతున్నడా?”

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నిలువుగా నిలబడి, ఆ తల్లి సాక్షిగా, తాళం పడని ఆ లివర్ సాక్షిగా, ఎండిన మిర్చి సాక్షిగా ప్రమాణం చేశాను. ఆగి ఉన్నది గాలిమరే కానీ, గడియారమే కానీ, బస్సే కానీ, చివరికి మా పెద్దసారు తిట్లే కానీ, ఈ జన్మలో నా చేత్తో కదిలించను.

“మింగుతున్నాడమ్మా. రోజూ,” అన్నాను.

“మంచిది,” అంది ముసలమ్మ. “ఇంకొంచెం జరుగున్రి.”